సగం గ్లాసు టీ

మొన్న ఆదివారంతో నేను మందు మానేసి ఏడు నెలలు నిండాయి. ఈ సంగతి రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. కానీ వైజాగ్‌లో ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా ఉండే సంఘం) మీటింగ్ ఎక్కడ జరుగుతుంది, వెళ్తే ఏం అడుగుతారు అని అర్ధరాత్రి పక్కింటికి కూడా తెలియకుండా ఫోన్‌లో వెతుక్కునేవాళ్లు ఉంటారు, నేనూ అలాగే వెతుక్కున్నాను, అందుకే రాస్తున్నాను.

మాది గాజువాక. మూడేళ్లు వరసగా అయ్యప్ప మాల వేసుకున్నాను, 41 రోజులూ చుక్క ముట్టలేదు. మాల తీసిన సాయంత్రమే వైన్ షాపు దగ్గర ఉన్నాను. నలభై రోజులు ఉండగలిగినవాడు తాగుబోతెలా అవుతాడని మా ఆవిడతో వాదించేవాణ్ణి, ఆ రోజులన్నీ ఇంకెన్ని మిగిలాయో లెక్కపెడుతూనే గడిపానని ఇప్పుడు తెలుస్తోంది. తర్వాత పాప తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. అదీ నిలబడలేదు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

మా అమ్మ ఎవరో చెబితే నమ్మి, మనిషికి తెలియకుండా కూరలో కలిపే పొడి ఒకటి కొనుక్కొచ్చింది. మా ఆవిడ కలపనివ్వలేదు, ఆ పుణ్యం తనదే. అలాంటివాటిలో తాగుడు మాన్పించడానికి డాక్టర్లు వాడే డైసల్ఫిరామ్ లాంటి మందు ఉంటే, ఆ సంగతి తెలియక పైన తాగితే గుండె దడ వచ్చి బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుందని తర్వాత డాక్టరు చెప్పారు. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి.

ఇంకో మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. రోజూ బాగా తాగే అలవాటు ఉంటే రేపటి నుంచి బంద్ అని ఇంట్లోనే ఒక్కసారిగా ఆపెయ్యకండి. మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడొచ్చు, అది ప్రాణాంతకం కూడా కావచ్చు. ముందు డాక్టరుకి చూపించుకోండి. మనకి చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ బోర్డు చూసి జనం ఏమనుకుంటారో అని నేను ఏడాది పోగొట్టుకున్నాను. నాకు వణుకు తగ్గడానికి మాత్రలు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు, పది రోజులకి నిద్ర పట్టింది. మీటింగ్‌కి వెళ్లమని చెప్పింది కూడా డాక్టరే.

ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊరి పేరు వెతికితే మీటింగ్‌ల జాబితా వస్తుంది. చోటు, టైము మారుతుంటాయి కాబట్టి అక్కడున్న నంబరుకి ముందు ఫోన్ చెయ్యండి. ఏమీ తోచకపోతే 14446కి చెయ్యండి, మత్తు అలవాటు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్రం పెట్టిన టోల్ ఫ్రీ నంబరది. మనసు మరీ బాగోకపోతే 14416, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్.

తెలిసినవాళ్లు చూడకూడదని మా ఇంటికి బాగా దూరంగా ఉన్న మీటింగ్ ఎంచుకున్నాను. ఒక చర్చి ఆవరణలో చిన్న గది. చర్చి అనగానే మతం మారుస్తారేమోనని మా అమ్మ కంగారు పడింది. అలాంటిదేమీ లేదు, గది ఇచ్చారంతే. మనకి నచ్చిన దేవుణ్ణి మనం తలుచుకోవచ్చు. నేను ఇప్పటికీ స్వామిని తలుచుకునే కూర్చుంటాను.

గేటు దాటి రెండుసార్లు ముందుకి వెళ్లిపోయాను. మూడోసారి ఫోన్ చేస్తే ఒక పెద్దాయన బయటికొచ్చి, "రండి బాబూ, ఏమైనా తిన్నారా?" అన్నారు. అంతే, ఇంకేం అడగలేదు. లోపల గుండ్రంగా ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ. అందరికీ గ్లాసు నిండా పోసిన మనిషి నాకు మాత్రం సగమే పోసి ఇచ్చారు. నా చేతులు చూశారు. నిండా పోస్తే ఒలుకుతుందని ఆయనకి తెలుసు, ఒకప్పుడు ఆయన చేతులూ అలాగే వణికి ఉంటాయి. రెండు చేతులతో పట్టుకుని తాగాను, ఒక్క చుక్క కింద పడలేదు. ఆ గదిలో ఎవరు ఏం మాట్లాడారన్నదాని కంటే ఆ గ్లాసే నాకు బాగా గుర్తుంది.

రిజిస్టరు లేదు, ఫీజు లేదు. చివర్లో చందా సంచీ తిరుగుతుంది, కొత్తవాళ్లు వెయ్యక్కర్లేదు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రారు, సలహాలివ్వరు. ఈ రోజు వింటానంటే సరే అంటారు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు బాధితులు ఒకరికొకరు తోడుగా మొదలుపెట్టినది ఇది, మన దేశానికి 1957లో వచ్చిందట. మానాలన్న కోరిక ఉంటే చాలు, చేరడానికి ఇంకే అర్హతా అక్కర్లేదు.

అంత దూరం వెళ్లినా ఆ గదిలో మా వైపు మనిషి ఒకరు కనబడ్డారు. నన్ను చూసి తల ఊపారు. ఆయనెవరో మా ఆవిడకి కూడా చెప్పలేదు, ఆయనా నా గురించి ఎవరికీ చెప్పలేదు.

తాగేవాళ్ల ఇంటివాళ్లకి అల్-అనాన్ అని విడిగా ఉంది. మా ఆవిడ వారానికోసారి ఫోన్‌లో ఆ మీటింగ్‌లో కూర్చుంటుంది. ఆ గంట పాపకి అన్నం పెట్టి నిద్రపుచ్చడం నా పని. తలుపేసుకుని లోపల తను ఏం చెప్పుకుంటుందో నేను అడగను, పన్నెండేళ్లు నాతో పడింది కదా, చెప్పుకోవలసింది చాలా ఉంటుంది.