సిమ్‌లో పెడితే ఆగి ఆగి పనిచేసే ఇండక్షన్ పొయ్యి: సర్వీస్ సెంటర్‌తో నా అనుభవం

కంపెనీ నుంచి నిన్న మెయిల్ వచ్చింది. "1000 వాట్ల కంటే తక్కువ సెట్టింగుల్లో పొయ్యి ఆగి ఆగి పనిచేయడం డిజైన్‌లో భాగం, లోపం కాదు" అని అందులో రాశారు. ఈ ఒక్క ముక్క రాబట్టడానికి నేను పడిన అవస్థ ఇంకెవరూ పడకూడదని రాస్తున్నాను.

కొనడం తేలిగ్గానే అయిపోయింది. 2000 వాట్ల పొయ్యి, ఏడాది వారంటీ, బిల్లు చేతికిచ్చారు. అన్నం, కుక్కర్‌లో పప్పు, టీ నీళ్లు, దేనికీ వంక పెట్టడానికి లేదు. గొడవంతా సిమ్ దగ్గరే.

మా ఇంట్లో మీగడ తీసి, చిలికి, వెన్న నేనే కాస్తాను. నా నెయ్యి పూస కడుతుందని మా ఆడపడుచులు ఖాళీ డబ్బాలు పంపించి మరీ నింపించుకుంటారు. వెన్న గిన్నె పెట్టి 300 వాట్లు నొక్కాను. మూడు నాలుగు సెకన్లు జుయ్‌మని శబ్దం, నురగ బుసబుసా పైకి లేచింది. అంతలోనే శబ్దం ఆగింది, నురగ అణిగింది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది. కాసేపటికి మళ్లీ జుయ్. నెయ్యి వంచేశాక చూస్తే అడుగున చేతి గాజు పెట్టి గీసినట్టు గుండ్రంగా నల్లటి మాడు. దాని మధ్యలో మడ్డి మాత్రం ఇంకా తెల్లగానే ఉంది. నెయ్యంతా మాడు వాసన.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసేముందు ఒక పని చేశాను. ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి, పొయ్యి ఒక్కటే 300లో పెట్టి కరెంటు మీటర్ దగ్గర నిలబడ్డాను. మా మీటర్ మీద ఎర్ర లైటు 3200 సార్లు మిణికితే ఒక యూనిట్. 300 వాట్లు నిలకడగా లాగితే దాదాపు నాలుగు సెకన్లకోసారి మిణకాలి. అది సెకనుకోసారి చొప్పున మూడు నాలుగు సార్లు మిణికి, తర్వాత ఆరేడు సెకన్లు ఊరుకుంది. సెకనుకోసారి అంటే 1100 వాట్ల లెక్క. అంటే పొయ్యి 300 అని చూపిస్తూ 1100తో కాల్చి, ఆగి, మళ్లీ 1100తో కాలుస్తోంది. సగటు కాస్త అటూ ఇటూగా సరిపోతుంది, వెన్న మాత్రం మాడుతుంది. మా అమ్మాయి అంతా వీడియో తీసింది.

ఇక సర్వీస్ సెంటర్. పొయ్యి మోసుకుని మెట్లెక్కి వెళితే, కౌంటర్‌లో అబ్బాయి నా మాట సగం కూడా వినకుండా పెద్ద గిన్నెడు నీళ్లు పెట్టి 2000 నొక్కాడు. నీళ్లు మరిగాయి. "ఓకే మేడమ్, బాగానే ఉంది" అన్నాడు.

"బాబూ, ఎక్కువలో బాగానే ఉంది. 300లో పెట్టి చూడు" అన్నాను.

"తక్కువలో టెస్టింగ్ ఉండదు మేడమ్."

వీడియో చూపించబోతే ఫోన్ వైపు చూడనైనా చూడలేదు. లోపలి నుంచి మేనేజర్ వచ్చాడు. నా చుట్టూ నలుగురైదుగురు మిక్సీలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లందరికీ వినపడేలా, "గ్యాస్ మీద అలవాటు కదమ్మా, ఇవి వాడటం మీకు తెలియదు. ఇంట్లో సార్‌ని పంపండి, ఆయనకి చెప్తే అర్థమవుతుంది" అన్నాడు.

ఇరవై ఏళ్లకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. వాట్లకీ యూనిట్లకీ లెక్క కట్టి తీసుకెళ్లిన మనిషిని పట్టుకుని ఆ మాట. పక్కనున్నావిడ నవ్వు ఆపుకోవడం నా కంట పడింది. మొహం వేడెక్కిపోయింది. నోట మాట రాలేదు. వంట చేసే మనిషి చెప్పే మాటకి విలువ లేదని, వంట సామాన్లు బాగుచేసే చోటే అనుకుంటే ఎలా? ఆ పొయ్యి దగ్గర రోజూ నిలబడేది మేమే కదా.

అంతటితో వదల్లేదు. జాబ్ కార్డు, అంటే వాళ్ల రిపేరు చీటీ మీద "లోపం లేదు" అని రాసి, నా ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెప్పమన్నాడు. అది చెప్తే కంప్లైంట్ పరిష్కారమైనట్టు మూసేస్తారు. నేను చెప్పలేదు. మీరూ చెప్పకండి, పని అయ్యేదాకా ఎంత తొందరపెట్టినా సరే. సాయంత్రానికి "కస్టమర్ సహకరించలేదు" అని మూసేశారు.

ఏం జరుగుతోందో విడమరిచి చెప్పింది మా వీధి చివర టీవీలు బాగుచేసే ఆయన. లోపల రాగి తీగ చుట్ట ఉంటుంది. ఐజీబీటీ అనే స్విచ్ దానిలోకి కరెంటుని సెకనుకి 20 వేల సార్లకు పైగా వదిలి ఆపుతుంది. వేడి పుట్టేది పైనున్న గాజు పలకలో కాదు, గిన్నె అడుగులోనే, అదీ చుట్ట ఉన్న మేర గుండ్రంగా. నా మాడు మచ్చ ఆకారం అందుకే అలా ఉంది. వేడి తగ్గించాలంటే ఆ స్విచ్ ప్రతిసారీ కరెంటు వదిలే సమయం తగ్గించాలి. ఒక హద్దు దాటి తగ్గిస్తే స్విచ్చే వేడెక్కి కాలిపోతుంది. అందుకని ఒకే స్విచ్ ఉండే చవక పొయ్యిల్లో ఆ హద్దు కింద పూర్తిగా ఆపేసి, మళ్లీ వెలిగిస్తారు. రెండు స్విచ్‌ల సర్క్యూట్ ఉన్నవి ఇంకా కింది దాకా నిలకడగా దిగుతాయట. వాట్లు కాకుండా డిగ్రీలు నొక్కే టెంపరేచర్ మోడ్ వాడమని సర్వీస్ వాళ్లు ఇచ్చిన సలహా కూడా నిలవదు. వేడి కొలిచే సెన్సర్ గాజు పలక కింద ఉంటుంది, గిన్నెలో నెయ్యి ఎంత కాగిందో దానికేం తెలుసు? ఆయన ఒక్క రూపాయి తీసుకోలేదు.

తర్వాత 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. బిల్లు, జాబ్ కార్డు, వీడియో పెట్టాను. ఆ తర్వాతే నిన్నటి మెయిల్. డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలా అని ఆలోచిస్తున్నాను. 5 లక్షల లోపు వస్తువులకి అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయొచ్చు. డిజైనే అయితే ఆ సంగతి పెట్టె మీద రాయాలి కదా. 300 అని అంకె వేసి అమ్మింది వాళ్లే.

ఈలోగా వెన్న మూడు లోహపు పొరలుండే మందపాటి ట్రైప్లై గిన్నెలో కాస్తున్నాను. దళసరి అడుగు వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఆగినప్పుడు చప్పున చల్లారదు, వెలిగినప్పుడు ఒక్కసారిగా ఎగదన్నదు. దోసెలకి ఇనప పెనం కూడా అంతే. పల్చటి స్టీలు గిన్నెలో పాలు, పాయసం మాత్రం వద్దు. అరిసెల పాకం అయితే గ్యాస్ మీదే, దానికి ఇంకో దారి నాకు కనపడలేదు.

కొనబోయేవాళ్లు కొట్లో పల్చటి స్టీలు గిన్నె అడిగి, గ్లాసుడు నీళ్లు మరగనిచ్చి, అన్నిటికంటే తక్కువ అంకెకి దించమనండి. ఒక నిమిషం బుడగల్ని చూడండి. లేచి, ఆగి, మళ్లీ లేస్తుంటే ఇదే రకం. ఎంత అంకె దగ్గర ఆగడం మానేస్తుందో కూడా చూసి, ఆ అంకె బిల్లు మీద రాయించుకోండి. అలా చూపించం అంటే ఆ కొట్లో కొనకండి.