అమాస నాడు రావద్దన్నాడు

మాది హనుమకొండ. ధర్మసాగర్ చెరువు కట్ట మీద గాలం వేసుకుంటూ పెరిగినవాణ్ని. ఎర్రలు తవ్వుకుని, సొసైటీ వాళ్లకు ఓ మాట చెప్పి కూర్చుంటే సాయంత్రానికి రెండు జెల్లలో, అదృష్టం బాగుంటే ఓ కొర్రమట్టో పడేది. ఆ ధైర్యంతోనే ఓ ఫిబ్రవరిలో, బామ్మర్దిని వెంటేసుకుని కాకినాడ అఖాతంలో గాలం వేయాలని ప్లాన్ చేశాను.

నా లెక్క చాలా సింపుల్. శనివారం రాత్రి వరంగల్‌లో గౌతమి ఎక్కితే పొద్దున కాకినాడ. ఆదివారం పగలంతా పడవ మీద, రాత్రికి మళ్లీ రైలు. తెలిసినవాళ్ల ద్వారా ఓ పడవాయన నంబరు దొరికితే ఫోన్ చేశాను. తేదీ చెప్పగానే కాసేపు చప్పుడు లేదు. "ఆ రోజు అమావాస్యండి. మీరు భోంచేసే టైముకి పడవ కింద నీళ్లుండవు. బురదలో కూర్చుని ఏం పడతారండి?" అన్నాడు.

అమాస పూట ప్రయాణం వద్దని మా అమ్మ అంటే నవ్వేవాణ్ని. ఇది ఆ సంగతి కాదని తెలియడానికి రెండు రాత్రులు ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది.

సముద్రం రోజుకు రెండుసార్లు పోటెక్కుతుంది, రెండుసార్లు తీస్తుంది, అంటే నీళ్లు వెనక్కి పోతాయి. ఆ టైము ఏ రోజుకారోజు యాభై నిమిషాల దాకా ఆలస్యమవుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యుడు, చంద్రుడు ఒకే వరసలో ఉంటారు కాబట్టి ఎక్కడమూ ఎక్కువే, తీయడమూ ఎక్కువే. అష్టమి ప్రాంతంలో తక్కువ. కాకినాడలో అమావాస్య నాడు పోటుకీ తీతకీ తేడా నాలుగైదు అడుగులు. లోతైన చోట దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఈ అఖాతం అలాంటిది కాదు. గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు పేరుకుని దక్షిణం వైపంతా పలచటి నీళ్లే. లంగరు రేవుకు వచ్చే ఓడలు కూడా దూరంగా ఆగి, బార్జీల మీద సరుకు దింపుతాయి. అలాంటి చోట నాలుగడుగులు పోతే మిగిలేది బురదే.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. ఉపగ్రహ చిత్రాల్లో నీలంగా కనిపించిన చోటల్లా గుర్తులు పెట్టుకున్నాను. ఆ ఫోటో పోటు మీద తీశారో, నీళ్లు వెనక్కి పోయినప్పుడు తీశారో ఎవరు చూశారు! వాటిని పడవాయనకు పంపితే, మూడింట్లో ఒకటి బురద మేట అన్నాడు, ఇంకొకటి కోరింగ అభయారణ్యంలోకి వస్తుంది, అక్కడ గాలం వేయనివ్వరన్నాడు. మిగిలిన ఒక్కటే పనికొచ్చింది.

పోటు పట్టిక చూస్తే అమావాస్య నాడు నీళ్లు నిండేది పొద్దున తొమ్మిది ప్రాంతంలో, మొత్తం తీసేసేది మధ్యాహ్నం మూడుకి. ఐదు రోజులు ఆగితే నిండే టైము ఒంటి గంటకు జరుగుతుంది. అంటే తొమ్మిదికి ఎక్కే నీళ్లతో పాటు లోపలికి వెళ్లి, ఒంటి గంట దాటగానే తిరగొచ్చు. గాలి సంగతి ఇన్‌కాయిస్ (సముద్రం సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) సైట్‌లో చూసుకున్నాను. ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉన్నా అప్పటిదాకా దాని పేరే తెలియదు నాకు. శుక్రవారం సెలవు అడిగితే మా సార్ కారణం అడిగాడు. "పంచమి సార్" అన్నాను. ఏదో పూజ అనుకున్నాడు.

లైఫ్ జాకెట్లు, నీళ్లు, ఎరకు పచ్చి రొయ్యలు, అంతే. ఎర్రలు తీసుకెళ్దామన్న బామ్మర్దిని ఆపడం ఒక పని.

పడవలో నాకు బాగా నచ్చింది ఆయన గెడ. ఇంజను ఆపి, గెడ నీళ్లలో గుచ్చి, పైకి తీసి తడి ఎంతవరకుందో చూసేవాడు. తర్వాత కొన దగ్గరికి తెచ్చుకునేవాడు. ఇసుక రాలితే అక్కడే ఆగేవాడు. నల్ల బురద అంటుకుంటే ఒక్క మాట మాట్లాడకుండా పడవ తిప్పేసేవాడు.

ఒంటిగంటన్నరకు ఆయన "పోదామండి" అన్నాడు. సరిగ్గా అప్పుడే చేపలు కొరకడం మొదలుపెట్టాయి. "ఒక్క పది నిమిషాలన్నా" అంటూ గంట లాగాను. తప్పు నాదే. వచ్చేటప్పుడు ఓ మేట మీద పడవ ఆగిపోయింది. ఇంజను పైకెత్తి ముగ్గురం దిగాం. మోకాళ్ల దాకా బురద. "అడుగు ఎత్తి వేయకండి, ఈడ్చుకుంటూ రండి. టేకు చేప ఉంటే కదిలి పోద్ది, తొక్కితే మాత్రం తోక ముల్లు దింపుద్ది" అన్నాడాయన. ఆ మాట విన్నాక నేను నడిచిన నడక బామ్మర్ది ఇప్పటికీ చేసి చూపిస్తాడు. నా కుడి చెప్పు అక్కడే ఉండిపోయింది.

దొరికినవి మూడు జెల్లలు, ఓ చిన్న పండుగప్ప. పిల్ల చేప కదా అని పండుగప్పను వదిలేశాం. జెల్లల ముళ్లు ఆయనే కటింగ్ ప్లేయర్‌తో విరిచి ఇచ్చాడు.

మొన్న ధర్మసాగర్ పోదామని బామ్మర్దికి ఫోన్ చేస్తే, "ఇయ్యాల తిథేంది బావా?" అంటున్నాడు.