మూడు ఇంటూ పన్నెండు: టెక్సస్‌లో నేను లెక్కల టీచరునైన వైనం

2015లో హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగుల భార్య లేదా భర్తకి ఇచ్చేది) మీద ఉన్న మాలాంటి కొందరికి పని చేసుకునే అనుమతి వచ్చింది. ఆ రోజు మా ఆయన అన్న మొదటి మాట, "ఇంక నువ్వు మళ్ళీ లెక్కలు చెప్పుకోవచ్చు." ఎమ్మెస్సీ అయ్యాక విజయనగరంలో మూడేళ్ళు ఇంటర్ పిల్లలకి పాఠాలు చెప్పాను. డాలస్ వచ్చాక ఏడేళ్ళుగా చేతికి సుద్దముక్క అంటలేదు.

ఇక్కడి ప్రభుత్వ బడిలో చెప్పాలంటే సర్టిఫికెట్ కావాలి. దానికి మళ్ళీ యూనివర్సిటీలో చేరాలి, ఫీజు కట్టాలి. ఆ వాకబులోనే నాయిస్ స్కాలర్‌షిప్ గురించి తెలిసింది. ఇంటెల్ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ నాయిస్ పేరు మీద అమెరికా ప్రభుత్వం 2002లో తెచ్చిన పథకం ఇది. డబ్బు నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అనే ప్రభుత్వ సంస్థ యూనివర్సిటీలకి ఇస్తుంది, మనుషుల్ని యూనివర్సిటీలు ఎంచుకుంటాయి. లెక్కలో సైన్సో చదివినవాళ్ళకి టీచరు శిక్షణకయ్యే ఖర్చు ఇస్తారు. మనం ఒక ఏడాది డబ్బు తీసుకుంటే రెండేళ్ళు టీచర్ల అవసరం ఎక్కువగా ఉన్న స్కూలు జిల్లాలో (ఇక్కడ ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే విభాగాన్ని అలా అంటారు) చెప్పాలి. చెప్పకపోతే తీసుకున్నదంతా అప్పు కింద మారిపోతుంది.

పౌరులకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకే ఇస్తారు. పని చేసుకునే అనుమతి ఒక్కటీ చాలదు. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఇంకో మూడేళ్ళు ఆగాను. ఈ సంగతి ముందే తెలియక దరఖాస్తు అంతా నింపేసి, చివరి పేజీలో ఆగిపోయిన ఆడపిల్లలు నాకు ఇద్దరు తెలుసు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తర్వాతి మెట్టు ఇండియా మార్కుల జాబితాలు. యూనివర్సిటీ వాళ్ళే కవర్లో పెట్టి, అంటించి, ముద్ర వేసి ఇవ్వాలి. మా నాన్నగారు డెబ్బై ఏళ్ళ వయసులో బస్సెక్కి మూడుసార్లు తిరిగి సంపాదించారు. ఇంటికొచ్చాక, పేరులో అక్షరం తప్పు పడిందేమో చూద్దామని కవరు చింపారు. "అన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా" అని సంతోషంగా ఫోన్ చేశారు. చింపిన కవరు చెల్లదని ఆయనకి చెప్పడానికి నాకు రెండు రోజులు నోరు రాలేదు. చెప్పాక ఒక్క మాట కూడా అనకుండా మర్నాడు మళ్ళీ బస్సెక్కారు.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. ఆ బడులే ఎందుకు అని అడిగారు. అవసరం ఎక్కువ అనడానికి చట్టంలో మూడు గుర్తులున్నాయి: పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉండటం, తాము చదవని సబ్జెక్టు చెప్పే టీచర్లు ఎక్కువగా ఉండటం, టీచర్లు నిలవకుండా వెళ్ళిపోతూ ఉండటం. నేను మా జిల్లా పరిషత్ హైస్కూలు గురించి చెప్పాను. తొమ్మిదో తరగతిలో మాకు లెక్కల మాస్టారు లేరు. సోషల్ మాస్టారే గైడు చేతిలో పట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు బోర్డు మీద ఎక్కించేవారు. పాపం, ఆయన మంచివారు. సందేహం అడిగితే ముఖం చిన్నబోయేది, అందుకని అడగడం మానేశాం. పదో తరగతికి లెక్కల మాస్టారు వచ్చారు కాబట్టే నేను ఎమ్మెస్సీ దాకా వెళ్ళాను. ఇది చెబుతుంటే నా గొంతు వణికింది. మూడు వారాల తర్వాత ఎంపికయ్యానని మెయిల్ వచ్చింది.

సంతకం పెట్టే కాగితం ప్రామిసరీ నోటు లాంటిది. పెట్టేముందు ఇంట్లో ఇద్దరం కూర్చుని రెండుసార్లు చదివాం. మా ఆయనకి వేరే ఊళ్ళో ఉద్యోగం వస్తే ఏమవుతుందని కూడా అడిగి తెలుసుకున్నాం. వేరే రాష్ట్రమైనా సరే, అవసరమున్న జిల్లా అయితే చాలట. ఆ మాట విన్నాకే సంతకం పెట్టాను.

సబ్జెక్టు పరీక్షకి పెద్దగా భయపడలేదు. భయపెట్టింది పద్నాలుగు వారాల క్లినికల్ టీచింగ్, అంటే సీనియర్ టీచరు చూస్తుండగా నిజమైన క్లాసులో పాఠాలు చెప్పే శిక్షణ. తొమ్మిదో తరగతి ఆల్జీబ్రా. దాదాపు అందరిళ్ళలోనూ స్పానిష్ మాట్లాడతారు, నన్ను "మిస్" అని పిలిచేవారు. రెండో రోజు "త్రీ ఇంటూ ట్వెల్వ్ ఎంత?" అని అడిగాను. క్లాసంతా తెల్లపలకల మీద 4 అని రాసి పైకెత్తింది. ఒక్కరు కూడా 36 రాయలేదు. నా గుండె జారిపోయింది, తొమ్మిదో తరగతికి వచ్చినా ఎక్కాలు రావా అనుకున్నాను. వెనక కూర్చున్న సీనియర్ టీచరు క్లాసయ్యాక నెమ్మదిగా చెప్పారు. ఇక్కడ "త్రీ ఇంటూ ట్వెల్వ్" అంటే పన్నెండుని మూడుతో భాగించడం! మనం గుణకారానికి వాడే మాట వాళ్ళకి భాగహారం. పిల్లలు అడిగినదానికి సరైన జవాబే రాశారు.

ఆ రాత్రి నోటుబుక్కు తీసి నా లెక్కల మాటలన్నీ రాసుకున్నాను. ఇంటూ బదులు టైమ్స్. ఎక్స్ బై టూ బదులు ఎక్స్ ఓవర్ టూ. జెడ్ కాదు, జీ. మర్నాడు పిల్లలకి జరిగింది చెప్పి, మా ఊళ్ళో ఎలా అంటామో బోర్డు మీద రాశాను. ఎప్పుడూ నోరు విప్పని ఒక అబ్బాయి లేచి, హోండురాస్‌లో వాళ్ళ తాత భాగహారం వేసే తీరు వేరని, వచ్చి వేసి చూపించనా అని అడిగాడు. సుద్దముక్క అతని చేతికిచ్చి నేను అతని బల్ల దగ్గర కూర్చున్నాను.

అదే జిల్లాలో ఉద్యోగం వచ్చింది. ఏటా మే నెలలో ప్రిన్సిపాల్ సంతకంతో, ఈ ఏడాది పూర్తిగా పనిచేశానని ఒక కాగితం పంపాలి. మొదటి ఏడాది పంపింది ఎక్కడో తప్పిపోయింది. డబ్బు తిరిగి కట్టాల్సి రావచ్చని ఉత్తరం వచ్చింది. నా దగ్గర ఫోటో, పంపిన తేదీ ఉన్నాయి కాబట్టి వారంలో సరిచేశారు. ఎవరైనా చేరుతుంటే ప్రతి కాగితానికీ నకలు దాచుకోండి.

రెండేళ్ళు నిండి చాలా కాలమైంది. ఇప్పటికీ అదే గది, నంబరు 114. ఈ ఆగస్టులో ఆరు సెక్షన్లు ఇచ్చారు.