మా ఇంట్లో "చూద్దాం" అనే మాట లేదు

నా పుస్తెలతాడుకి పిన్నీసులతో పాటు రెండు తాళం చెవులు వేలాడుతుంటాయి. ఒకటి వంటింటి తలుపుది, ఇంకోటి ఫ్రిజ్‌ది. ఒడిశాలోని రాయగడలో మా వీధి ఆడవాళ్లు మొదట్లో వాటిని బీరువా తాళాలనుకున్నారట. వీళ్లింట్లో అంత బంగారం ఉందా అని.

మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. పెళ్లయి 12 ఏళ్ల కిందట ఇక్కడికొచ్చాను. బజారుకెళ్తే తెలుగే వినిపిస్తుంది కాబట్టి పరాయి రాష్ట్రం అనిపించలేదు. పిల్లలకి బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. భాష గురించి నాకెప్పుడూ టెన్షన్ లేదు. చిక్కంతా తిండి దగ్గరే వచ్చింది.

మా బాబుకి ఇప్పుడు 9 ఏళ్లు. పుట్టినప్పుడు ఎత్తుకుంటే తడిగుడ్డలా జారిపోయేవాడు. పాలు చప్పరించే బలం లేక ముక్కులోంచి గొట్టం వేసి పట్టారు. వీడు నోరారా తింటే చాలని మా అత్తయ్య మజ్జిగౌరమ్మకి మొక్కుకుంది. మూడో ఏడు దాటాక తినడం మొదలుపెట్టాడు. అమ్మవారు కరుణించిందని కొబ్బరికాయలు కొట్టాం. ఇక ఆ తర్వాత వాడు ఆపలేదు. పచ్చి బియ్యం, పక్కింటి కుక్కకి వేసిన అన్నం, చెత్తబుట్టలో అరటితొక్క, ఏదైనా సరే. అందకపోతే నేలమీద పడి గంటసేపు అరుపులు. చేతిమీద చిన్న పుండుంటే రక్తం వచ్చేదాకా గిల్లుకోవడం. ఒక డాక్టరు నా మొహం చూసి, "తల్లి గారాబం" అన్నారు.

అయిదో ఏట విశాఖపట్నంలో మరో డాక్టరు వాడి బాదంగింజ కళ్లు, చిన్న చేతులు చూసి మిథైలేషన్ పరీక్ష, అంటే ఒక రకం జన్యు పరీక్ష, రాశారు. రక్తం హైదరాబాద్ వెళ్లింది. ప్రాడర్-విల్లీ సిండ్రోమ్ అని తేలింది. 1956లో స్విట్జర్లాండ్ డాక్టర్లు దీన్ని మొదట వివరించారు. సుమారు 15 వేల నుంచి 20 వేల మందిలో ఒకరికి వస్తుందట. 15వ క్రోమోజోమ్‌లో తండ్రి వైపు నుంచి వచ్చి పనిచేయాల్సిన చిన్న భాగం పనిచేయదు. దాదాపు 70 శాతం మందిలో ఆ ముక్కే ఊడిపోయి ఉంటుంది. "తండ్రి వైపు నుంచి" అన్న మాట అత్తగారి ముందు అనకూడదని నాకు తట్టలేదు. వారం రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. ఇది సాధారణంగా వంశంలో దిగి వచ్చేది కాదు, కడుపు పండే వేళ అనుకోకుండా జరిగిపోయేదని మా ఆయన నచ్చజెప్పాకే మాట కలిసింది.

కడుపు నిండిందన్న కబురు ఈ జబ్బున్నవాళ్ల మెదడుకి సరిగా అందదు. అలాగని ఎక్కువ పెట్టడానికీ లేదు. తోటిపిల్లల కంటే తక్కువ తిండే వీళ్ల ఒంటికి సరిపోతుంది. ఆకలి కొండంత, అవసరం పిడికెడు. మన మనుషులేమో ఎదురుపడగానే "తిన్నావా?" అంటారు. ఒడియావాళ్లు "ఖాఇలణి?" అంటారు. రెండు భాషల్లోనూ ప్రేమ మొదలయ్యేది అక్కడే. మా వాడు రెండింటికీ "లేదు" అనే చెబుతాడు. అబద్ధమని నేననుకోను. వాడికి నిజంగా తినలేదనే ఉంటుంది.

రెండేళ్ల కిందట ఒడియావాళ్ల రజ పండగకి పక్కింటి మాఉసి, అంటే పిన్ని, పోడ పిఠా అనే కాల్చిన తీపి రొట్టె చేసింది. కొబ్బరి, బెల్లం కాలిన వాసన వీధంతా. వీడు పెరటి కిటికీ దగ్గర నిలబడి దీనంగా "భోక" అన్నాడు. ఆకలి అంటే ఏ తల్లి మనసాగుతుంది? చువ్వల మధ్యనుంచి ముక్క తర్వాత ముక్క ఇచ్చింది. సాయంత్రానికి పొట్ట డప్పులా ఉబ్బింది. ఈ పిల్లలకి నొప్పి సరిగా తెలియదు, వాంతీ ఒక పట్టాన రాదు. కడుపు గోడ దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చని మాకు ముందే చెప్పి ఉన్నారు. ఆసుపత్రికి పరిగెత్తాం. రాత్రంతా గొట్టం, సెలైన్. గట్టెక్కాం. మాఉసి మా గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. నేను ఆవిడ మీద అరిచాను కూడా. పోడ పిఠా ఇచ్చినందుకు మనిషిని తిట్టినదాన్ని రాయగడలో నేనొక్కదాన్నేనేమో.

తాళాలు ఆ మర్నాడు వచ్చాయి. "ఆకలని ఏడస్తంటే తలుపుకి తాళమేస్తావేటే?" అంది అత్తయ్య. నాకూ జైలులాగే అనిపించింది. కానీ వారం తిరగకుండానే వాడి అరుపులు సగానికి తగ్గాయి. దొరుకుతుందేమో అన్న ఆశే వాడిని తినేస్తోందన్నమాట. ఎప్పుడు, ఎంత అన్నది కచ్చితంగా తెలిస్తే వాడు ఎదురుచూడగలడు. గోడమీద బొమ్మల పట్టిక పెట్టాం. 8కి ఇడ్లీ, 11కి జామకాయ ముక్కలు, 1కి అన్నం, 4కి మజ్జిగ.

అప్పుడే పట్టుకున్నాను, మా ఇంట్లో అసలు నిప్పురవ్వ ఏ మాటో. "చూద్దాం." మనం ఏదీ కాదనం. "చూద్దాంలే", "తర్వాత పెడతాలే" అంటాం. ఇక్కడివాళ్లు "దేఖిబా" అంటారు. మామూలు పిల్లలు అందులో "లేదు" వింటారు. వీడు "అవును" వింటాడు. అప్పట్నుంచి ప్రతి పది నిమిషాలకీ అదే ప్రశ్న, చివరికి పెంకులు పగిలే రభస. ఇప్పుడు మా ఇంట్లో "ఉంది", "లేదు", "ఇన్ని గంటలకి", అంతే. చుట్టాలకి ఇది కరుకుగా వినిపిస్తుంది. విజయనగరం వెళ్లే రైల్లో సమోసాలవాడు వచ్చినప్పుడల్లా "లేదు" అని నేను గట్టిగా అంటుంటే పక్క సీటువాళ్లు నన్నే రాక్షసిలా చూస్తారు.

గ్రోత్ హార్మోన్ సూదులు వేయిస్తున్నాం. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఈ జబ్బుకి ఆ చికిత్సని చేర్చారు. కండ కాస్త గట్టిపడింది. ఈ ఆకలికే ఒక మందుకి 2025లో అమెరికాలో అనుమతి వచ్చిందని చదివాను. మాకు మాత్రం ప్రస్తుతానికి తాళమే మందు.

పెద్దదాని సంగతే నాకు గుచ్చుకుంటుంది. 11 ఏళ్ల పిల్ల, చాక్లెట్టు ఇంట్లో తినదు. ఒక పుట్టినరోజుకి కేకు స్నేహితురాలి ఇంట్లో కోసుకుని, ఫ్రాకు మీద క్రీము తుడుచుకుని వచ్చింది. ఎవరూ చెప్పలేదు దానికి.

వాడికి జిగ్‌సా ముక్కలు పేర్చడంలో ఎవరూ సాటిరారు. ఈ పిల్లల్లో చాలామందికి ఆ నేర్పు ఉంటుంది. మాఉసి ఇప్పుడు కిటికీ దగ్గర కొచ్చి ఎన్ని ముక్కలు పెట్టావని అడుగుతుంది. మొన్న అలవాటు కొద్దీ "ఖాఇలణి?" అని నోరు జారి, నాలుక కరుచుకుని నావైపు చూసింది. వాడు బొమ్మ మీంచి తల ఎత్తకుండా "చారిటారె" అన్నాడు. నాలుగింటికి.

గడియారం చూశాను. మూడున్నర.