వంగి కింద చూడాల్సిన బండి

రాబోయే ఎలక్ట్రిక్ ఆఫ్‌రోడ్ ఎస్‌యూవీ కాన్సెప్ట్‌ని (నమూనా బండిని) ఇవాళ బెంగళూరులో దగ్గరగా చూశాను, ఎంత ఠీవిగా ఉందో! అందరూ లైట్ల ముందు ఫోటోలు దిగుతున్నారు గానీ, అసలు సంగతంతా కిందే ఉంది.

ఇరుసుల మధ్య బ్యాటరీ పరచాలంటే వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, పెరగాలి. మహీంద్రా మూడు డోర్ల థార్‌ది 2450 మి.మీ. 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో చూపిన థార్.ఈ కాన్సెప్ట్‌ది 2775 నుంచి 2975. పొట్ట నేలకి 300 మి.మీ. ఎత్తున ఉందనుకుంటే, ర్యాంప్ యాంగిల్ (పొట్ట ఆనకుండా బండి దాటగల గట్టు కోణం) 2450కి సుమారు 27.5 డిగ్రీలు, 2775కి 24.4. ఆ మూడు డిగ్రీల దగ్గరే గట్టుమీద పొట్ట ఆనుతుంది. అందుకే బ్యాటరీ కింది ప్లేటు బోల్టు తలలు లోపలికి దిగి ఉన్నాయా అని చూడండి. బయటికి ఉంటే రాయికి చెక్కుకుపోతాయి, తర్వాత స్పానర్ పట్టదు.

వాగు దాటేటప్పుడు ఇంజిన్ నీళ్లు పీల్చే భయం లేదు, నిజమే. కానీ వేడెక్కిన మోటార్ గేర్‌బాక్స్ చన్నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, సీళ్ల సందుల్లోంచి నీటిని లాగుతుంది. అందుకే గేర్‌బాక్స్‌కి గాలి ఆడనిచ్చే బ్రీదర్ గొట్టం బానెట్ ఎత్తుదాకా ఉండాల్సిందే. పడమటి కనుమల్లోని సకలేశపుర వైపు వెళ్లేవాళ్లు ముందు ఇదే అడగండి.