గంజి కోరు

రాజమండ్రిలో రాత్రంతా ముసురే. పొద్దున పోత పోసిన నాలుగు పంపు బాడీల అచ్చులు పగలగొట్టి చూద్దుం కదా, లోపలి గోడల నిండా చిల్లులు! ఇనుము తప్పు కాదు. పంపు లోపల బోలు రావడానికి అచ్చులో పెట్టే ఇసుక దిమ్మల్ని కోర్లంటాం. కర్రపెండలం పిండితో చేసిన డెక్స్ట్రిన్ అనే జిగురు కలిపి కాల్చిన ఆ కోర్లను రాత్రి బల్లమీదే వదిలేశాం. (సరే, నేనే వదిలేశా.) పిండి జాతి కదా, గాలిలో తేమంతా పీల్చేసుకుంది. కరిగిన ఇనుము తగలగానే ఆ తేమ ఆవిరై బుడగలు కట్టింది.

మిగిలిన కోరు అంచుని మేస్త్రి బొటనవేలితో నొక్కితే పొలపొలా రాలింది. "గంజి పెట్టిన పంచె ముసురులో ఎలా ఉంటుందండీ?" అన్నాడు.

అలాగని పిండి మానలేం. పోత వేడికి అది కాలిపోబట్టే ఇసుక సులువుగా దులుపుకోగలుగుతున్నాం. కర్రపెండలం పిండంటే సగ్గుబియ్యానికే అనుకునేవాణ్ణి ఒకప్పుడు!

మిగతా కోర్లు ఓవెన్‌లో ఆరుతున్నాయి. బయట ఇంకా చినుకులే.