దుబాయ్‌లో బెడ్‌స్పేస్: అద్దె కంటే ముందు బాత్రూమ్ సంగతి అడగండి

విజిట్ వీసా మీద దిగి పని వెతుక్కునేవాళ్ళకి, కంపెనీ రూమ్ ఇవ్వని ఉద్యోగంలో చేరినవాళ్ళకి దుబాయ్‌లో దొరికే మొదటి చోటు ఇల్లు కాదు, ఒక మంచం. దాన్నే బెడ్‌స్పేస్ అంటారు. దేరాలో నాయిఫ్, అల్ రిగ్గా, ముతీనా, హోర్ అల్ అంజ్; బర్ దుబాయ్‌లో మీనా బజార్, మన్ఖూల్; ఆపైన కరామా, సత్వా, కుసైస్. ఈ పేటల్లో కరెంటు స్తంభాల మీద, గ్రోసరీ గోడల మీద కాగితాలు కనిపిస్తూనే ఉంటాయి. నెలకి సాధారణంగా 600 నుంచి 1,000 దిర్హమ్‌ల దాకా అడుగుతారు. మెట్రోకి ఎంత దగ్గరైతే అంత ఎక్కువ. కింది మంచానికి పై మంచం కంటే కొంచెం ఎక్కువ. రోజు లెక్కన ఇచ్చే హాస్టల్ డార్మిటరీలూ ఉన్నాయి, సుమారు 40 నుంచి 80 దిర్హమ్‌లు. నవంబర్ నుంచి మార్చి వరకు టూరిస్టుల రద్దీ కాబట్టి వాటి రేట్లు పెరుగుతాయి. పదిహేను రోజులు దాటేటట్టయితే నెల లెక్కే చవక.

కొత్తగా వచ్చినవాళ్ళు ముందు అద్దె అడుగుతారు, తర్వాత వైఫై అడుగుతారు. అసలు అడగాల్సింది బాత్రూమ్‌కి ఎంతమంది అని. ఆ వెంటనే, వాళ్ళు ఏ షిఫ్టుల వాళ్ళని. ఎనిమిది మందికి ఒక బాత్రూమ్, మనిషికి పావుగంట అనుకున్నా రెండు గంటలు. ఉదయం అయిదున్నరకి కింద కంపెనీ బస్సు హారన్ కొట్టగానే దిగాల్సినవాళ్ళు ఆరుగురు ఆ రూమ్‌లో ఉంటే క్యూ నాలుగింటికే మొదలవుతుంది. అదే ఎనిమిది మందిలో సగం మంది హోటల్లోనో సెక్యూరిటీలోనో రాత్రి డ్యూటీ వాళ్ళయితే బాత్రూమ్ ఖాళీగానే దొరుకుతుంది. కానీ పగలంతా లైటు వేయకూడదు, ఫోన్ మాట్లాడకూడదు. పగలు ఇంటర్వ్యూలకి తిరిగేవాడికి ఇలాంటి రూమ్ బాగా నప్పుతుంది, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పనిచేసేవాడికి నప్పదు. వంద దిర్హమ్‌లు ఎక్కువైనా సరే, బాత్రూమ్‌కి నలుగురే ఉన్న చోటు మేలు. ఆ వంద నిద్ర రూపంలో తిరిగొస్తుంది.

రూమ్ చూడటానికి రాత్రి తొమ్మిది తర్వాత వెళ్ళండి. పగలు చూపించే రూమ్‌లో ముగ్గురే కనిపిస్తారు, రాత్రికి పదిమంది తేలతారు. మంచాలు లెక్కపెట్టండి, నేల మీద చుట్టిపెట్టిన పరుపులు కూడా కలిపి. దుబాయ్ మున్సిపాలిటీ నిబంధన ప్రకారం మనిషికి కనీసం 5 చదరపు మీటర్ల చోటు ఉండాలి. ఈ లెక్కన 20 చదరపు మీటర్ల గదిలో నలుగురు. బజార్లో అది ఎక్కడా అలా ఉండదని అందరికీ తెలుసు. అయినా ఆ అంకె గుర్తుంటే తనిఖీ వస్తే తట్టుకునే రూమ్ ఏదో, తట్టుకోలేనిది ఏదో అంచనా కట్టొచ్చు.

పార్టిషన్ల సంగతి ఇంకా తిప్పలు. హాలుని ప్లైవుడ్‌తోనో జిప్సమ్ బోర్డుతోనో మూడు ముక్కలు చేసి తలుపులు పెడతారు. సొంత తలుపు ఉందన్న సంతోషం ఉంటుంది. కిటికీ మాత్రం ఒక ముక్కకే దక్కుతుంది. మిగతా రెండింటికీ గాలి ఉండదు, మంటలొస్తే ఇంకో దారీ ఉండదు. అనుమతి లేని పార్టిషన్లు చట్టవిరుద్ధం. 2025 జూన్‌లో అల్ రిగ్గా, మురక్కబాత్, సత్వా, అల్ బర్షా, అల్ రఫా ప్రాంతాల్లో మున్సిపాలిటీ వీటి మీద గట్టిగా తనిఖీలు చేసింది. అలాంటప్పుడు ఫ్లాట్ తీసుకున్నవాడు ఫోన్ ఆపేస్తాడు, డిపాజిట్ కట్టినవాడు బ్యాగుతో వీధిలో నిలబడతాడు. కాబట్టి రూమ్ నడిపేవాడి పేరు మీదే ఎజారీ, అంటే రిజిస్టరైన అద్దె ఒప్పందం, ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. అందులో ఉండేవాళ్ళందరి పేర్లూ నమోదు చేయాలని దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ 2022లోనే చెప్పింది. దుబాయ్ రెస్ట్ అనే ఆ శాఖ యాప్‌లో అది అయిదు నిమిషాల పని. మీ ఎమిరేట్స్ ఐడీ, అంటే అక్కడి గుర్తింపు కార్డు, వచ్చాక కూడా పేరు చేర్చకుండా సాకులు చెప్తున్నాడంటే ఆ ఫ్లాట్‌లో ఉండాల్సినవాళ్ళ కంటే ఎక్కువమంది ఉన్నట్టే.

డిపాజిట్ రెండు వందలైనా, నెల అద్దెంతైనా రసీదు అడగండి. ఇవ్వకపోతే డబ్బు చేతిలో పెట్టే ముందే వాట్సాప్‌లో "ఇంత డిపాజిట్, ఇంత అద్దె, దేవా, వైఫై, గ్యాస్ కలిపి, ఖాళీ చేసేముందు ఇన్ని రోజుల నోటీసు" అని రాసి పంపండి. అవతల నుంచి సరే అన్న జవాబు రావాలి. దేవా అంటే అక్కడ కరెంటు, నీళ్ళ బిల్లు. ఎండాకాలంలో ఏసీ బిల్లు పెరిగిందని అదనంగా వసూలు చేయడం మామూలు, "కలిపి" అన్న మాట రాతలో ఉంటేనే ఆగుతుంది. డిపాజిట్ బదులు పాస్‌పోర్టు పెట్టమంటే ఇంకో రూమ్ చూసుకోండి. లైసెన్సు ఉన్న హాస్టల్లో పాస్‌పోర్టు స్కాన్ చేసి వెంటనే తిరిగి ఇచ్చేస్తారు, అది సరైన పద్ధతే.

ఇక నల్లులు. బెడ్‌స్పేస్‌లో నిద్ర పాడుచేసేవాటిలో మొదటిది ఇదే, చూసుకోకుండా చేరితే సూట్‌కేస్‌తోపాటు ఊరికి కూడా వస్తాయి. డబ్బు కట్టేముందే పరుపు ఎత్తి ఫోన్ టార్చి వేయండి. పరుపు అంచు కుట్టు వెంబడి, గోడవైపు మూల, మంచం చట్రం కలిసే చోట, మర బోల్టుల రంధ్రాలు, ఈ నాలుగూ చూస్తే చాలు. పెన్ను సిరా చుక్కల్లాంటి నల్లమచ్చలుంటాయి. తడిగుడ్డతో తుడిస్తే అవి గోధుమ ఎరుపుగా పాకితే నల్లులున్నట్టే. ఇనుప మంచమైతే నల్లులుండవన్న నమ్మకం ఒకటుంది. బోలు పైపుల చివర్లు తెరిచి ఉంటే వాటికి అంతకంటే మంచి ఇల్లు లేదు, ఆ చివర్లని టేపుతో మూసేయాలి. మంచాన్ని గోడకి జానెడు దూరం జరపాలి. దుప్పటి నేలకి తగలకూడదు. బ్యాగు మంచం కింద కాకుండా జిప్ వేసి హుక్కుకి తగిలించాలి.

మందు కొట్టించినా పది రోజులకి మళ్ళీ ఎందుకొస్తాయంటే, స్ప్రే పెద్ద నల్లుల్ని చంపుతుంది గానీ గుడ్ల మీద పెద్దగా పనిచేయదు. వారం, పది రోజుల్లో అవి పొదుగుతాయి. అందుకే రెండు వారాల్లోపు రెండోసారి కొట్టాలి, అదీ గదిలోని మంచాలన్నిటికీ ఒకేసారి. ఒక్క మంచానికి కొట్టిస్తే పక్క మంచానికి వలస పోతాయి. బట్టలకి వేడే మందు. డ్రయర్‌లో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పితే గుడ్లు కూడా చస్తాయి. ఆ తర్వాత బట్టల్ని కొత్త కవర్లో కట్టాలి, పాత బ్యాగులో పెడితే చేసిందంతా వృథా.

ఒక్కటి మాత్రం నల్లుల కోసమని ఎవరు తెచ్చినా ఒప్పుకోకండి. మన దగ్గర ధాన్యం పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. గాలిలో తేమ తగిలితే వాటినుంచి ఫాస్ఫీన్ విషవాయువు వస్తుంది. తలుపు సందుల్లోంచి, ఏసీ గొట్టాల్లోంచి పక్క ఫ్లాట్‌కి పాకుతుంది. ఎమిరేట్స్‌లో పక్కింట్లో ఎవరో పెట్టిన బిళ్ళల వల్ల పసిపిల్లలు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. గదిలో వెల్లుల్లి లేదా కుళ్ళిన చేప వాసన, దానితోపాటు వాంతులు, తలనొప్పి వస్తే అందరూ బయటికి వచ్చేసి 998కి అంబులెన్స్ కోసం ఫోన్ చేయాలి.

ఏసీ కింద పై మంచం తీసుకోకండి. చలిగాలి నేరుగా ఛాతీ మీద కొడుతుంది, ఆపైన నీళ్ళు కారతాయి. ఎందుకు కారతాయంటే ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి లోపలి కాయిల్ మీద మంచు పడుతుంది, లేదా నీళ్ళు పోయే పైపు నాచుతో పూడుతుంది. పదిహేను రోజులకోసారి ఫిల్టర్ తీసి కుళాయి కింద కడిగి ఆరబెడితే సగం సమస్య పోతుంది. వంతులవారీ పనుల్లో దీన్నీ రాయించండి, లేకపోతే ఎవరూ ముట్టరు.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మేడమీద ట్యాంకు కాగిపోయి చన్నీళ్ళ కుళాయిలో వేడినీళ్ళు వస్తాయి. పాతకాపులకి తెలిసిన ఉపాయం ఒకటుంది. గీజర్ స్విచ్ ఆపేసి వేడినీళ్ళ కుళాయి వాడటం. గీజర్ డబ్బా ఏసీ ఉన్న ఇంటిలోపలే ఉంటుంది కాబట్టి అందులో నిలిచిన నీళ్ళు చల్లబడతాయి. 50 లీటర్ల డబ్బా ఇద్దరు, ముగ్గురికి సరిపోతుంది, తర్వాత వచ్చేవాడికి మళ్ళీ వేడే.

ప్లగ్గులు అక్కడ చదరపు మూడు పిన్నులవి, మన గుండ్రటి పిన్నులు పట్టవు. అడాప్టర్ కంటే ఫ్యూజు ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి కొనుక్కోవడం మంచిది. 13 ఆంపియర్ల బోర్డు దాదాపు 3,000 వాట్లు మోస్తుంది. కెటిల్ 2,000, ఇస్త్రీపెట్టె 1,500 ఒకేసారి పెడితే దాటిపోతుంది. ఫ్యూజు లేని చవక బోర్డయితే వైరు కరుగుతుంది. రైస్ కుక్కర్ వంటగదిలోనే, గోడ సాకెట్‌కే పెట్టాలి.

వంటకి రెండు దారులు. వంతుల మీద వండుకోవడం, లేదా నెలవారీ మెస్. వంతుల్లో ముందే తేల్చుకోవాల్సింది శాకాహారం సంగతి, ఫ్రిజ్‌లో ఎవరి అర ఏదన్నది. ఎండుచేపలు వేయించాలంటే వంటగది తలుపు మూసి, ఎగ్జాస్ట్ వేసి, అందరూ బట్టలు లోపలికి తీసుకున్నాక. ఈ ఒక్క విషయం మీద విడిపోయిన రూమ్‌లు చాలానే ఉన్నాయి. బట్టలు బాల్కనీ రెయిలింగ్ మీద బయటికి వేలాడేస్తే జరిమానా పడొచ్చు, లోపల స్టాండు మీదే ఆరేయాలి.

తెలుగువాళ్ళ రూమే కావాలని పట్టుబట్టాలా? మొదటి నెలకి అవును. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ వాళ్ళ రూమ్‌లలో పని కబుర్లు, ఏ ఏజెంటు మోసగాడో, ఏ కంపెనీ జీతం ఆపుతుందో ముందే తెలుస్తాయి. అయితే అప్పులు, చీటీలు కూడా అక్కడే మొదలవుతాయి. మలయాళీల, ఫిలిప్పీన్స్ వాళ్ళ రూమ్‌లు వంతుల విషయంలో కచ్చితంగా ఉండేవి ఎక్కువ. పని దొరికాక అలాంటి చోటికి మారినా తప్పులేదు.

ఇంటికి ఫోన్లు మరో పేచీ. వాట్సాప్ కాల్స్ అక్కడ పనిచేయవు, బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లు వాడాలి. మన టైము గంటన్నర ముందు కాబట్టి రూమ్ అంతా ఎనిమిదింటికే ఫోన్లు పట్టుకుంటుంది, వైఫై నత్తనడక నడుస్తుంది. వీడియో కాల్ డ్యూటీ నుంచి వచ్చేదారిలో పార్కులో చేసుకోవడం నయం.

లాకర్‌కి తాళం మీరే కొనుక్కోండి, అక్కడున్న తాళానికి ఎన్ని తాళంచెవులున్నాయో ఎవరికీ తెలియదు. ఖాళీ చేసేటప్పుడు నోటీసు నోటితో కాకుండా ఆ పాత వాట్సాప్ మెసేజ్ కిందే తేదీతో పంపండి. డిపాజిట్‌ని చివరి నెల అద్దెలో సర్దుకునేలా అక్కడే అడగండి, ఎందుకంటే బ్యాగు బయట పెట్టాక డబ్బు తిరిగి రావడం అరుదు.